ఉసిగొల్పిన మాటకు విచారణ జరగాలి



కందికుప్పలో పుట్టి, కారంచేడు దళితుల హత్యాకాండ తర్వాత దళిత మహాసభలో ముందు నిలిచిన బొజ్జా తారకం గారి స్మృతిలో చట్టం గురించే మాట్లాడాలి. ‘పోలీసులు అరెస్టు చేస్తే’ రాసిన న్యాయవాది ఆయన. హద్దులేని పోలీసు అధికారం ముందు ఎవరి మీద పడుతుందో బాగా ఎరిగినవారు. ద్వేషాన్ని శిక్షించమని అడుగుతూనే నేనూ ఆ సంగతి గుర్తుంచుకుంటాను.

2022 మే 18న మన కోనసీమ జిల్లాకు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు చేరుస్తూ ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చింది. అభ్యంతరాలు చెప్పుకోవడానికి 30 రోజుల గడువుంది. వారం తిరక్కుండానే, 24న, ఆ పేరును వ్యతిరేకిస్తూ సాగిన నిరసనలో అమలాపురంలో మంత్రి పినిపే విశ్వరూప్ గారి ఇల్లు, ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ కుమార్ గారి ఇల్లు తగలబెట్టారు. బస్సులు కాలాయి, పోలీసులకు రాళ్ల దెబ్బలు తగిలాయి. జనాన్ని కూడగట్టింది వాట్సాప్ గ్రూపుల్లోనేనని పోలీసులు చెప్పారు. ఆపైన జిల్లాలో రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. మెసేజ్ పెట్టినవాడికీ, పెట్టనివాడికీ ఒకటే శిక్ష! ఇంటి నుంచి ఉద్యోగం చేసే పిల్లలు సిగ్నల్ కోసం ఊళ్లు దాటి వెళ్లారు. దీన్ని న్యాయమని నేను ఒప్పుకోలేను.

సెక్షన్లు లేక ఇలా జరిగిందా? వర్గాల మధ్య వైరం రేపితే శిక్షించే పాత శిక్షాస్మృతి 153ఎ 1898 నాటిది. మతవిశ్వాసాల అవమానంపై 295ఎ 1927లో వచ్చింది. ఐటీ చట్టానికి 2008 సవరణలో చేర్చిన 66ఎ మాత్రం, ఎదుటివారికి చికాకు కలిగించినా జైలే అంది. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ ధర్మాసనంలో మన కృష్ణా జిల్లా వారు జస్టిస్ చలమేశ్వర్ ఉన్నారు. చర్చించడం, సమర్థించడం వేరు, ఉసిగొల్పడం వేరని ఆ తీర్పు గీత గీసింది. నాకు ఆ గీతే ప్రమాణం.

2016 జనవరి 26 నుంచి అట్రాసిటీ చట్టం 3(1)(యు) కింద ఎస్సీ, ఎస్టీలపై ద్వేషం రెచ్చగొట్టడం నేరం. వారు గౌరవించే దివంగతులను అవమానించడం 3(1)(వి) కింద నేరం. అంబేడ్కర్ పేరు మీద జరిగిన గొడవకు ఇంతకన్నా దగ్గరి సెక్షన్లు ఏముంటాయి? 153ఎ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయసంహిత 196లో ఎలక్ట్రానిక్ మాధ్యమాన్ని కూడా పేరుపెట్టి చేర్చారు. కానీ 196 కింద కోర్టు కేసు చేపట్టాలంటే ముందు ప్రభుత్వం అనుమతించాలి. ఓట్ల లెక్క ఎక్కడ దూరుతుందో మీకు వేరే చెప్పాలా?

2023లో వివిధ వర్గాల నాయకులు ముఖ్యమంత్రిని కలిశాక అమలాపురం కేసులు ఎత్తేస్తామని ఆయన ప్రకటించారు. ఊళ్లో మనుషులు కలిసిపోవడం మంచిదే, నేనూ కోరుకునేదే. అయితే ఎవరు ఉసిగొల్పారో కోర్టులో తేలకుండా కేసు మూసేస్తే, రేపు మెసేజ్ రాసేవాడికి భయం ఎక్కడిది? ఇంకో కొత్త చట్టం కన్నా, ఉన్న కేసు ఆలస్యం లేకుండా తీర్పు దాకా వెళ్లడం ముఖ్యం.

బాధితుల మాట వినకుండా కేసు ఉపసంహరణకు కోర్టు ఒప్పుకోరాదని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 360 ఇప్పుడు చెబుతోంది. ఇక్కడున్న న్యాయవాద మిత్రులకు నా విన్నపం ఇదే: అలాంటి పిటిషన్ వచ్చిన రోజున బాధితుల తరఫున లేచి నిలబడండి.