భయం లేని వీధి

వీధి చివరి కొట్టు నుంచి కరివేపాకు తెమ్మని పిల్లవాణ్ణి పంపి, వాడు తిరిగొచ్చేదాకా గుమ్మంలోనే నిలబడతాం. స్కూటర్లు, కార్లు చూస్తే గుండె దడ! "హాయిగా పల్లెకు పోదామా" అనిపిస్తుంది. పోతే మాత్రం? కాలేజీకీ, కష్టమైన కాన్పుకీ మళ్ళీ బస్సెక్కి పట్నం రావలసిందే. మనసు కోరేది పల్లెనా, భయం లేని వీధినా?

అటువంటి వీధి పట్నంలోనూ సాధ్యమే. స్పెయిన్‌లో సుమారు 80 వేల జనాభా ఉన్న పొంతెవేద్రా అనే ఊరుంది. 1999లో మేయరైన ఫెర్నాండెజ్ లోరెస్, ఊరి నడిబొడ్డు వీధుల్ని నడిచేవాళ్ళకు అప్పగించారు. అంబులెన్సులకూ, సరుకుల బళ్ళకూ అడ్డులేదు. పై నుంచి వచ్చేవాళ్ళు కార్లు ఊరి అంచున ఆపి నడిచి వస్తారు. ఎక్కణ్ణించి ఎక్కడికి ఎన్ని నిమిషాల నడకో చూపే పటం కూడా వేశారు. పిల్లలు తమంతట తామే బడికి నడిచి వెళ్తారు.

మనకో? కాలిబాట ఉన్నచోట దానిమీద బళ్ళు నిలబెడతారు. పక్క సందుకే స్కూటరు తీసే అలవాటు మన ఇంట్లోనూ ఉందేమో చూసుకుందాం. ఈసారి ఓట్లకు వచ్చేవారిని ముందుగా కాలిబాట అడుగుదాం. కరివేపాకు తెచ్చే పిల్లవాడికోసం గుమ్మంలో కాపలా కాసే బాధ తప్పుతుంది.