కలంకారీయా, లక్క బొమ్మలా?

రిటైరయ్యాక చేతిపని ఏదైనా పట్టుకుందామని, వచ్చిన డబ్బులో కొంత తీసి పక్కన పెట్టుకున్నారా? కోలారు, హోసూరు వైపు ఉన్న మీకు రెండు విద్యలు అందుబాటులో ఉన్నాయి. ఒకవైపు శ్రీకాళహస్తి కలంకారీ, మరోవైపు చన్నపట్నం లక్క బొమ్మలు.

లక్క పనికి లేతు మిషను కావాలి. కన్నడంలో ఆలెమర అంటారే, మన ఏటికొప్పాకవారి అంకుడు కర్ర అదే. తిరిగే కొయ్యకు లక్క కడ్డీ నొక్కితే రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది. మొగలాకుతో రుద్దితే తళతళలాడుతుంది. చూడముచ్చటే! కాని ఉలి జారితే వేలు తెగుతుంది. పసిపిల్లలు తిరిగే అద్దె ఇంట్లో నేనైతే వద్దంటాను.

కలంకారీకి వసారా చాలు. నూలుగుడ్డను కరక్కాయ, గేదెపాలలో తడిపి ఆరేయాలి. పాలు లేకుంటే రంగు పాకుతుంది. నలుపు కోసం బెల్లం నీళ్ళలో పాత ఇనుము వేసి వారాల తరబడి పులియబెట్టాలి. ఆ వాసన సంగతి ఇంట్లోవారికి ముందే చెప్పండి! వెదురు కలంతో గీసిన నల్లగీత ఇక చెరగదు, అందుకని ముందు చింతబొగ్గుతో గీసుకోవాలి.

మొదట జేబురుమాలంత గుడ్డ చాలు. నెల గడిచినా చేయి కలం వైపే పోతుంటే సరే. లేదంటే చన్నపట్నం వెళ్ళి, ఒకపూట లేతు పక్కన కూర్చుని చూసి రండి. మిషను బేరం ఆ తరువాత.