మీట నొక్కినఁ బండునా?

మా మనుమఁడు కంప్యూటరుమీఁద రాజ్యతంత్రపు టాట యొకటి యాడుచుండును. పేరు యూరోపా యూనివర్సాలిస్ నాలుగు. స్వీడను దేశపు పారడాక్సువారు 2013లో వెలువరించిరి. కథ 1444లో మొదలగును. విజయనగరమును సయితము ఏలవచ్చును. అందు రాజు తన పరిపాలనాంకములు వ్యయపఱచి మీట నొక్కినంతనే సీమ సంపన్నమగును! చెఱువు వలదు, ఎద్దు వలదు, వానయు వలదు. నాకు నవ్వు వచ్చినది.

పిమ్మట వాఁడు మెయూ అండ్ ట్యాక్సెస్ అను మోడును తగిలించెను. మోడనఁగా ఆడువారే పూనుకొని మూలపుటాటను మార్చిన కూర్పు. ఇందు కథ 1356లో, గుల్బర్గాలో బహమనీలు, ఆంధ్రదేశమున రెడ్డిరాజులు ఏలుచున్న కాలమున మొదలగును. సీమసీమకు జనసంఖ్య కలదు. పల్లెజనము వేఱు, పట్టణజనము వేఱు. పన్నులో ప్రభువర్గముల భాగము పోఁగా మిగిలినదే రాజుది. రాజధానికి దూరమైనకొలఁది రాజాజ్ఞ సన్నగిల్లును.

వాఁడు మూఁడు యుద్ధములు గెలిచి, బొక్కసము వట్టిపోఁగా, "తాతయ్యా, ఇంత గెలిచినను డబ్బేది?" యనెను. గెలిచిన సీమలన్నియు దూరపువే. ముప్పదియేండ్లు బడిలో నేను యుద్ధముల తేదీలు వల్లెవేయించితిని. ఆ దండులకు కూడు పెట్టిన దెవరని ఒక్కనాఁడును చెప్పలేదు. ఎవఁడైన నడిగినచో గద్దించి కూర్చుండఁబెట్టి యుందును. వీనిని గద్దింప మనసు రాలేదు. అటక మీఁది శాసనసంపుటమును దింపితిని. చెఱువులు, పన్నుల పేళ్లు ఇరువురమును వెదకుచున్నాము.