ఒక లంక పేరు కోసం

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

విదేశీ యాత్రా విశేషాలు పది నిమిషాల్లో చెప్పమని కమిటీవారు అడిగారు. నేను చూసిన విదేశం ఒక్కటే, మారిషస్. అందులోనూ ఒక్క రోజు గురించే చెబుతాను. ఎందుకంటే ఆ రోజు పని ఇంకా పూర్తి కాలేదు. అది పూర్తి కావాలంటే మీ సాయం కావాలి.

సోషల్ మాస్టారు గోడకు ప్రపంచ పటం తగిలించి, హిందూ మహాసముద్రంలో ఆవగింజంత చుక్క చూపించడం మీలో కొందరికైనా గుర్తుండే ఉంటుంది. "మన కోరంగి రేవు నుంచి ఓడలెక్కి ఇక్కడికి కూలికి పోయార్రా" అనేవారు. కోరంగి మనకు సైకిలు మీద అరగంట దూరం. పరీక్షలో రాదని తెలిశాక ఆ మాట మనం వదిలేశాం.

మా అమ్మాయీ అల్లుడూ అక్కడ ఉద్యోగం చేస్తున్నారు. ఆ ద్వీపం పొడవు సుమారు 65 కిలోమీటర్లు, వెడల్పు 45. ఉత్తరాన గ్రాండ్ బే వైపు హోటళ్లు, పడవలు, జనం. "నాన్నా, నీకు ఆ సందడి పడదు, దక్షిణం వైపు చూసి రా" అని అమ్మాయి ఒక టాక్సీ మాట్లాడింది. నడిపే అతనే గైడు. నలభై ఏళ్లు ఉంటాయి. ఇంగ్లీషులో మాట్లాడాడు.

పొద్దున్నే బయలుదేరి బువా షెరి తేయాకు తోటల మీదుగా గంగా తలావ్ చేరాం. ఆరిపోయిన అగ్నిపర్వతం నోట్లో నిండిన చెరువు అది. దారిలోనే 33 మీటర్ల శివుడి విగ్రహం. శివరాత్రికి ద్వీపం నలుమూలల నుంచీ కావళ్లు కట్టుకుని నడిచి వస్తారట. మేం వెళ్లినప్పుడు మాత్రం నలుగురైదుగురు భక్తులూ, కోతులూ ఉన్నారు.

అక్కడి నుంచి సూయాక్ ఊరు, దాని పక్కన గ్రీ గ్రీ తీరం. ద్వీపం చుట్టూ చాలావరకు పగడపు దిబ్బ ఉంది కాబట్టి ఒడ్డున నీళ్లు చెరువులా ఉంటాయి. గ్రీ గ్రీ దగ్గర ఆ దిబ్బ లేదు. అలలు నేరుగా వచ్చి నల్లరాతి కొండచరియను కొడతాయి. ఈత కొట్టవద్దని బోర్డు పెట్టారు. కొంచెం దూరం నడిస్తే 'ఏడ్చే రాయి' అని ఒకటుంది. అల ఎగిరి పడ్డాక నీరు దాని మీదుగా ధారలుగా కారుతుంది.

మధ్యాహ్నం బెల్ ఓంబ్ర్ దాటాక రోడ్డు పక్క కొట్టు దగ్గర ఆపి, వేడి వేడి 'గాతో పిమాఁ' కొనిపెట్టాడు. కొరికి చూస్తే మన పప్పు వడ! "మా ఊళ్లోనూ ఇవి చేస్తారు" అన్నాను. "ఏ ఊరు సార్?" అన్నాడు, అప్పటిదాకా ఇంగ్లీషులో మాట్లాడినవాడు, తెలుగులో. బడిలో నేర్చుకున్న తెలుగట. అక్కడ ప్రాథమిక పాఠశాలల్లో తెలుగు చెబుతారు, ఉగాదికి ప్రభుత్వ సెలవు. వాళ్లింట్లో సింహాద్రి అప్పన్న పూజ, రామభజన ఇప్పటికీ చేస్తారట. అక్కడివాళ్లు తెలుగువాళ్లను 'కొరింగీ'లు అని పిలిచేవారట. మాస్టారి మాట అప్పుడు గుర్తొచ్చింది.

లె మోర్న్ కొండ కింద కారు ఆపాడు. 556 మీటర్ల రాతి కొండ, సముద్రంలోకి చొచ్చుకుపోయినట్టు ఉంటుంది. తప్పించుకున్న బానిసలు దాని మీద దాక్కునేవారు. 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయింది. ఆ కబురు చెప్పడానికి వచ్చిన సిపాయిలను చూసి, పట్టుకోవడానికే వచ్చారనుకుని కొందరు పైనుంచి దూకేశారని అక్కడ చెప్పుకుంటారు. చెరుకు తోటల్లో బానిసల స్థానంలో ఒప్పందం కూలీలను దింపారు. 1834 నుంచి 1920 మధ్య దాదాపు ఐదు లక్షల మంది, ఎక్కువమంది మన దేశం నుంచే.

అక్కడే అతను జేబులోంచి ఒక కాగితం తీశాడు. మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో వలస కూలీల రికార్డులు భద్రపరిచారు. అందులో వాళ్ల ముత్తాత తాతగారి వివరాల నకలు అది. 1850ల్లో మద్రాసులో ఓడ ఎక్కాడు. నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, జిల్లా రాజమండ్రి, ఊరు. ఇంటిపేరు లేదు.

"ఈ ఊరు పేరు చదవగలరా సార్? మా నాన్న చనిపోయేదాకా అడుగుతూనే ఉన్నాడు" అన్నాడు.

దొర గుమాస్తా విన్నది విన్నట్టు రాసిన ఇంగ్లీషు అక్షరాలు. చివర 'లంక' అని తెలుస్తోంది. ముందు మాట మూడు రకాలుగా చదవొచ్చు. గోదావరి ఒడ్డున పుట్టి, అరవై దాటినవాణ్ని, నాకు తెలియలేదు. "కనుక్కుని చెబుతాను బాబూ" అన్నాను. ఆ తర్వాత షమరెల్‌లో ఏడు రంగుల మట్టి చూపించాడు. చూశానే గాని మనసు దాని మీద లేదు.

తిరిగొచ్చాక మన లంకల్లో నాలుగు రోజులు తిరిగాను. అడిగినవాళ్లంతా మర్యాదగా కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు, ఎవరికీ తెలియదు. వరదకు కోసుకుపోయిన లంకల పేర్లు ఎవరికి కావాలి? చివరికి మన బడికి వచ్చి హెడ్మాస్టరుగారిని బతిమాలి మొదటి సంవత్సరాల అడ్మిషన్ రిజిస్టర్లు తీయించాను. రెంటిని చెదలు సగం తినేశాయి. మూడోదాంట్లో, స్వగ్రామం అనేచోట, ఒక పిల్లవాడి పేరుకెదురుగా ఒక లంక పేరుంది. ఆ లంక ఇప్పుడు లేదు. కాగితంలోని అక్షరాలకు అది సరిపోతుంది. అదేనని మాత్రం చెప్పలేను. ఫొటో తీసి అతనికి పంపి, ఉన్నమాటే రాశాను. "చాలు సార్, ఇంట్లో దేవుడి దగ్గర పెట్టాను" అని జవాబిచ్చాడు.

నాకు మాత్రం చాలలేదు. ఆ పేరు రాయించిన పిల్లవాడు మనలో ఎవరికో సీనియరు. బతికి ఉంటే ఆ లంక ఎక్కడుండేదో చెప్పగలడు. ఆ పేరు రిజిస్టరులో ఉన్నది ఉన్నట్టు రాసి, బయట నోటీసు బోర్డుకు అంటించాను. వెళ్లేముందు ఒక్కసారి చూడండి.

ఇంకో మనవి. ఈ ఉత్సవాల నిధిలో మిగిలిన డబ్బుతో ఆర్చి కట్టిద్దామని అనుకుంటున్నారు. దానికంటే ముందు మిగిలిన రిజిస్టర్లకు ప్రతి పేజీ ఫొటో తీయిద్దాం. ఖర్చులో నా వాటా ఇప్పుడే కోశాధికారిగారికి ఇస్తున్నాను.