గర్భిణీరక్షణము: తొలినెలల కర్తవ్యము

 

 బడిపంతులు వైద్యవిషయము ముచ్చటించుట యేల యని తాము శంకింపవచ్చును. మా యింట జరిగిన నష్టమే మమ్మిందులకు బురికొల్పినది. మా మేనకోడలు తొలిచూలు గర్భిణియైనప్పుడు, దృష్టి తగులునని యయిదవనెలవరకు గుట్టుగా నుంచుడని చెప్పినవారము మేమే. ఆమె తల్లికిని కాన్పులయందు రక్తపుపోటు పెరిగియుండెను. ఆ మాట వైద్యునకు దెలుపమైతిమి. ఏడవనెలలో ముఖము వాచి, పోటు పెరిగి, గుర్రపువాతము వచ్చెను. తల్లి దక్కెను, శిశువు దక్కలేదు.

శిశుహృదయము రసవాహినులచే మాతృహృదయముతో సంబంధించి యున్నదని చరకసంహిత శారీరస్థానము చెప్పుచున్నది. తల్లిరక్తము శిశుశరీరమున నేరుగా బ్రవహింపదనియు, మావికడ నుండియే ప్రాణవాయువును ఆహారసారమును బొడ్డుతాటిద్వారా శిశువునకు జేరుననియు నేటి వైద్యులు వివరించిరి. గర్భము తొలిసగమున మావికి రక్తము దెచ్చు సన్ననాళములు వెడల్పు కావలెను. మైలవరము జలాశయమున నీరెంత యున్నను, పిల్లకాలువ యిరుకైనచో కొనచేను తడియునా? ఇదియు నట్టిదే. నాళములు వెడల్పు గానిచో శిశువు కృశించును; తల్లికి పోటు హెచ్చును.

ఇందులకు స్వల్పమాత్రలో ఆస్పిరిను తోడ్పడును. అది రక్తమును గడ్డకట్టించి నాళములను ముడుచుకొనజేయు ద్రవ్యమును దగ్గించును. ఇట్టి ద్రవ్యములు పుట్టుటను ఆస్పిరిను అడ్డగించునని 1971లో జాన్ వేన్ కనుగొనెను. 2017లో వెలువడిన 'ఆస్ప్రే' పరిశోధనయందు, అపాయము హెచ్చుగా నున్న గర్భిణులకు 11 మొదలు 14 వారముల నడుమ ప్రారంభించి 36వ వారమువరకు రాత్రివేళ 150 మిల్లీగ్రాము లొసంగిరి. నెలలు నిండకమున్నే కాన్పు చేయవలసినంతటి గుర్రపువాతము, ఉత్తుత్తి మాత్ర మ్రింగినవారిలో నూటికి 4.3 మందికి రాగా, వీరిలో 1.6 మందికే వచ్చెను.

అయినను ఇది యందఱికిని గాదు. మునుపు గుర్రపువాతము వచ్చినవారు, రక్తపుపోటు, మధుమేహము, మూత్రపిండవ్యాధి గలవారు, కవలలను మోయువారు తప్పక వైద్యు నడుగవలెను. తొలిచూలు, స్థూలకాయము, తల్లికి గాని తోబుట్టువునకు గాని యీ వ్యాధి వచ్చియుండుట, వీనిలో రెండు కూడినను అడుగవలెను. తలనొప్పిబిళ్లను అంగడిలో గొని మ్రింగరాదు. అందు మందు 300 మిల్లీగ్రాములో, అంతకు మించియో యుండును. కడుపులో పుండు, రక్తస్రావదోషము, ఆస్పిరిను పడకుండుట గలవారికి హాని కలుగును. వ్యాధి ముదిరిన పిమ్మటను, డాప్లరు పరీక్షయందు బొడ్డుతాటి రక్తప్రవాహము తగ్గినట్లు కనబడిన పిమ్మటను ఈ మాత్ర చికిత్స కాజాలదు. కాలము మించిన మందు మందు గాదు.

కావున మాదొక మనవి. పుంసవనమును మన పెద్దలు మూడవనెలకే విధించిరి. మనము సీమంతమువరకు గర్భమును దాచుచున్నాము. అత్తలారా, అమ్మలారా! నెల తప్పినతోడనే కోడలిని, కూతును వైద్యశాలకు దోడ్కొని పొండు. ప్రభుత్వ వైద్యశాలలలో ప్రతిమాసము 9వ తేదీన గర్భిణులను ఉచితముగా బరీక్షించు పథకము 2016లో నేర్పడినది. ఇంటి పూర్వచరిత్ర నంతయు దాచక చెప్పుడు. దృష్టి తీయుట మీ యిష్టము. పోటు చూపించుట మీ విధి.

మేము చేసిన తప్పు మరియొక యింట జరుగకుండుగాక!

స్వస్తి.