బొద్దుగా ఉంటేనే ముద్దా?

(ఉగాది సాంస్కృతికోత్సవంలో జరిగిన కుటుంబ సదస్సునందు చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. మన ఆదివారం తెలుగు బడిలో చాలా ఏళ్ళు పిల్లలచేత అక్షరాలు దిద్దించినదాన్ని. ముగ్గురు మనుమలకు అమ్మమ్మను. పిల్లల ఒంటి బరువును గురించి మాట్లాడమని కార్యదర్శిగారు అడిగినప్పుడు మొదట వెనుకాడాను. తరువాత ఆలోచించగా, పొరపాటు చేసినది నేనే గనుక చెప్పవలసినదీ నేనే అనిపించింది.

మూడేళ్ళ క్రితం దీపావళి తెల్లవారుజామున మా పెద్ద మనుమడికి తలంటు పోస్తున్నాను. అప్పటికి వాడికి పదేళ్ళు. మెడ వెనుక చర్మం నల్లగా, మందంగా, మఖమలు గుడ్డలా కనిపించింది. మురికి అనుకుని సున్నిపిండి పెట్టి రుద్దాను. పోలేదు. ఇంకా గట్టిగా రుద్దాను. వాడు కళ్ళనీళ్ళు పెట్టుకుని, "అమ్మమ్మా, అది పోదు. బళ్ళో కూడా అందరూ మురికి అనే అంటారు. నన్ను పేరు పెట్టి ఎవరూ పిలవరు, గెముక్ అనే పిలుస్తారు" అన్నాడు. లావుపాటివాడని మలయ్ భాషలో ఆ మాటకు అర్థమని ఇక్కడ ఎవరికీ చెప్పనక్కరలేదు. నా చేయి అక్కడే ఆగిపోయింది. ఈ మాటలు వాడిని అడిగి, వాడు సరేనన్న తరువాతనే మీకు చెబుతున్నాను.

పండుగ వెళ్ళగానే క్లినిక్కుకు తీసుకువెళ్ళాం. డాక్టరమ్మగారు మెడ చూసి అది మురికి కాదన్నారు. పొట్టలో, కాలేయంలో కొవ్వు పేరుకున్నప్పుడు మన ఒంట్లోని ఇన్సులిన్ సరిగా పనిచేయదట. ఆ లోటు పూడ్చడానికి క్లోమగ్రంథి మరింత ఇన్సులిన్ తయారుచేస్తుంది. అలా రక్తంలో ఇన్సులిన్ ఎక్కువైనప్పుడు మెడ వెనుక, చంకలలో చర్మం నల్లబడి మందమెక్కుతుంది. రక్త పరీక్షలో చక్కెర మధుమేహపు హద్దుకు చేరలేదు గాని, ఉండవలసినదానికంటే ఎక్కువే ఉన్నది. వాళ్ళ తాతగారికి ఆ జబ్బు యాభై అయిదో ఏట వచ్చింది. వీడు పదో ఏటనే ఆ గుమ్మం ముందు నిలబడ్డాడు.

తల్లీ తండ్రీ ఇద్దరూ ఉద్యోగాలకు వెళతారు గనుక వాడికి పెట్టి పోషించినదాన్ని నేనే. పొద్దున నాసి లెమాక్, బడి నుంచి రాగానే గ్లాసుడు తియ్యని చాక్లెట్ పాలు, సాయంత్రం రోటీ చనాయ్, రాత్రి అన్నం. చాలు అన్నా వినకుండా, "ఇంకొక్క ముద్ద, నా కోసం" అంటూ తినిపించేదాన్ని. వాడి బుగ్గలు చూసి ఇరుగుపొరుగువారు ముద్దు చేస్తుంటే, నా పెంపకానికే బహుమతి వచ్చినట్లు పొంగిపోయేదాన్ని.

ఈ పొరపాటు నాది ఒక్కదానిదే కాదేమో! మన పెద్దలు విశాఖపట్నం, గంజాం జిల్లాలనుంచి ఓడలెక్కి వచ్చి, పేరాక్‌లో, బగాన్ దాతుక్ వైపు కొబ్బరి తోటల్లో, రబ్బరు తోటల్లో చెమటోడ్చినవారు. జపానువారి ఆక్రమణ కాలంలో, 1942 నుంచి 1945 వరకు, బియ్యం దొరకక కర్రపెండలం తిని బ్రతికిన తరం మా అమ్మది. తోటలనుంచి సయాం రైలుమార్గం పనికి పట్టుకుపోయినవారిలో ఎందరో తిరిగి రాలేదు. అంతటి ఆకలి చూసిన తల్లికి బిడ్డ ఒంటిమీది కండే ధైర్యం. కష్టకాలం వస్తే లావుపాటి బిడ్డ నిలబడతాడని ఆమె నమ్మకం. ఆ రోజుల్లో ఆ నమ్మకంలో తప్పు లేదు. ఆకలి పోయింది గాని, ఆకలినాటి భయం మాత్రం మన గరిటెలలో అలాగే ఉండిపోయింది.

ఇప్పటి సంగతి వేరు. మన దేశంలో 2019లో జరిగిన జాతీయ ఆరోగ్య సర్వే ప్రకారం 5 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో 29.8 శాతం మంది ఉండవలసినదానికంటే ఎక్కువ బరువున్నవారే. నూటికి ముప్ఫైమంది అనుకోండి. అదే సర్వేలో అయిదేళ్ళలోపు పిల్లల్లో 21.8 శాతం మంది వయసుకు తగిన ఎత్తు ఎదగలేదని కూడా తేలింది. కడుపు నిండటం ఒకటి, ఒంటికి పట్టే తిండి తినటం మరొకటి అని దీనివల్ల తెలుస్తుంది గదా!

అందులోనూ మన భారతీయ సంతతివారి శరీరతత్వం ప్రత్యేకమైనది. పుణె ప్రాంతంలో పుట్టిన శిశువులను ఇంగ్లండు శిశువులతో పోల్చి 2003లో శాస్త్రజ్ఞులు ఒక విషయం ప్రకటించారు. మన శిశువులు బరువులో చాలా తక్కువ, కండ తక్కువ, కాని చర్మం కింది కొవ్వు మాత్రం ఆ లెక్కన తగ్గలేదు. అంటే సన్నగా కనిపించేవారిలో కూడా కొవ్వు పాలు ఎక్కువగా ఉండవచ్చునన్నమాట. కనుక మావాడు సన్నమేనని ధీమాగా ఉండటానికీ లేదు, పక్కింటి పిల్లతో పోల్చి సన్నమని దిగులుపడి టానిక్కులు పోయడానికీ లేదు. పిల్లల విషయంలో ఒక్క బరువే చూడరాదు. ఎత్తు, వయసు, ఆడపిల్లా మగపిల్లవాడా అన్నది చూసి ఎదుగుదల పట్టికలో గుర్తుపెట్టి చూడాలి. ఆ పట్టిక క్లినిక్కులో ఉంటుంది. ఏటా ఒకసారైనా చూపించండి.

ఇక ఏం చేశామో చెబుతాను. వాడిని పస్తులు పెట్టలేదు. ఎదిగే పిల్లవాడికి బరువు తగ్గించడం ముఖ్యం కాదు, బరువును అక్కడే ఆపి ఎత్తు పెరగనిస్తే చాలునన్నారు డాక్టరమ్మగారు. అంతకంటే గట్టిగా మరొక మాట అన్నారు: "వాడి కంచం ఒక్కటే మార్చకండి. ఇంటిల్లిపాదీ మారండి. వాడొక్కడికే వేరే తిండి పెడితే అది శిక్ష అవుతుంది."

మొదట తియ్యని పానీయాలు ఇంట్లో ఆపేశాం. లెక్క చూడండి. 100 మిల్లీలీటర్లకు 10 గ్రాముల చక్కెర ఉన్న పానీయం 325 మిల్లీలీటర్ల డబ్బా తాగితే 32 గ్రాములకు పైమాటే. అంటే ఎనిమిది టీ చెంచాలు. రోజుకు 1600 కేలరీలు తినే పిల్లవాడికి ఇలా కలిపిన చక్కెర 40 గ్రాములు దాటరాదని, అందులో సగానికి తగ్గిస్తే మరీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పాళ్ళను బట్టి తేలుతుంది. ఒక్క డబ్బాతోనే సగం ఎప్పుడో దాటిపోయిందన్నమాట! 2019 జూలై నుంచి ప్రభుత్వం ఇటువంటి పానీయాలమీద పన్ను వేసిందంటే ఊరికే వేయలేదు.

తరువాత కంచం. "సుకు సుకు సెపారుహ్" అని ఆరోగ్యశాఖవారు చెబుతున్నది మన మాటల్లో పావు, పావు, అర. పావు కంచం అన్నం. పావు కంచం పప్పు, చేప, గుడ్డు వంటివి. మిగిలిన సగం కూరలు, పండ్లు. ఇది మనకు కొత్తేమీ కాదు. తోటకూర పప్పు, ములక్కాడల పులుసు, బెండకాయ వేపుడు మన వంటలే గదా! కంచంలో మెతుకు మిగల్చరాదన్న నియమం మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. కాని మొదటే కొంచెం వడ్డించి, కావాలంటే అడగమంటాం. "ఇంకొక్క ముద్ద" అనడం నేను మానుకున్నాను. అన్నిటికంటే నాకు కష్టమైనది అదే.

మూడవది ఆట. పిల్లలు రోజూ గంటసేపు ఒళ్ళు అలిసేటట్లు ఆడాలి. చేతిలో ఫోను పెట్టి సోఫాలో కూర్చోబెడితే పిల్లవాడు అల్లరి చేయడు, నిజమే, ఎదగడు కూడా. నాలుగవది నిద్ర. బడి వయసు పిల్లలకు తొమ్మిది గంటలకు తగ్గరాదు. నిద్ర చాలని పిల్లలకు మరునాడు ఆకలి పెరుగుతుంది, తీపి మీదికి మనసు పోతుంది.

మొదటి ఏడాదిలో వాడు ఆరు సెంటీమీటర్లు పెరిగాడు, బరువు ఒక్క కిలోయే పెరిగింది. మెడ నలుపు పూర్తిగా పోలేదు, తగ్గింది. చక్కెర హద్దులోకి వచ్చింది. అన్నిటికంటే నాకు సంతోషం కలిగించినది వేరు. అంతకుముందు రెండేళ్ళు కడుపునొప్పి అని చెప్పి ఆటల పోటీలనాడు బడి మానేసినవాడు, ఆ ఏడు వెళ్ళాడు. గెలవలేదు. నవ్వుతూ వచ్చాడు.

సభవారికి రెండు విన్నపాలు. మొదటిది, మన తెలుగు బడి పిల్లలకు, పండుగ పోటీల పిల్లలకు ఎర్ర సిరప్పు నీళ్ళు, క్రీము బన్నులు పంచుతున్నాం. ఏళ్ళ తరబడి నా చేతులతోనే పంచాను. వచ్చే ఉగాది నుంచి మంచినీళ్ళు, శనగ గుగ్గిళ్ళు, అరటిపండు, జామకాయ ఇద్దాం. పండుగనాడు బూరె తిననిద్దాం. పండుగ తీపి పండుగకే ఉంచుదాం. పాఠం అయిన తరువాత అరగంట కబడ్డీయో, కోలాటమో ఆడిద్దాం.

రెండవది మరీ ముఖ్యం. ఏ పిల్లనూ, ఏ పిల్లవాడినీ లావని, సన్నమని పదిమందిలో పిలవకండి. హాస్యానికైనా వద్దు. ఆ మాటల వల్ల ఎవరూ సన్నబడరు. సిగ్గుతో గది తలుపు వేసుకుని, దొంగతనంగా తింటారు. బరువు సంగతి పెద్దలు పెద్దలతో మాట్లాడుకోవలసినది. పిల్లలతో పేరు పెట్టి, ప్రేమతో మాట్లాడవలసినది.

ఈ సాయంకాలం కోలాటంలో పదమూడేళ్ళ కుర్రవాడొకడు రెండవ వరుసలో ఉంటాడు. వాడే మా మనుమడు. అడుగు తప్పినా చప్పట్లు కొట్టండి.