ఒరూరోలో దయ్యాల ఆట

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈరోజు మనది కాని ఒక ఊరి పండుగ గురించి మాట్లాడుకుందాం. దక్షిణ అమెరికాలో బొలీవియా అనే దేశం. అక్కడ ఆండీస్ పర్వతాల మీద, సముద్రమట్టానికి సుమారు 3,700 మీటర్ల ఎత్తున, ఒరూరో అనే చిన్న నగరం ఉంది. వెండి కోసం, తర్వాత తగరం కోసం తవ్విన ఊరు. చెట్లు తక్కువ, చలి ఎక్కువ.

స్పెయిన్ వాళ్లు 1606లో అక్కడ పట్టణం కట్టారు. కానీ అంతకుముందే అది ఉరూ ఆదివాసుల పుణ్యస్థలం. ఎంతో దూరం నుంచి వచ్చి ఇతో అనే పండుగ చేసుకునేవారు. 17వ శతాబ్దంలో పాలకులు దాన్ని నిషేధించారు. అప్పుడు వాళ్లేం చేశారు? చర్చి పండుగ ముసుగులో తమ పండుగను దాచుకున్నారు. మేరీమాత ముందు మొక్కారు, ఆ మొక్కులోనే తమ దేవుళ్లనూ తలచుకున్నారు. వాళ్ల దేవుడు తివ్ కోసం ఆడిన ఆటే డయాబ్లాడా, అంటే దయ్యాల ఆట అయింది. పైకి చూస్తే దేవదూత దయ్యాలను ఓడించే కథ. కానీ గని లోపలికి వెళ్తే కొమ్ములున్న బొమ్మ కూర్చుని ఉంటుంది. కార్మికులు దానికి కోకా ఆకులు, సిగరెట్లు, సారా పెడతారు. పిలిచే పేరు తియో. స్పానిష్‌లో ఆ మాటకు మామ, బాబాయి అని అర్థం. దయ్యాన్ని మామా అని పిలిచే జనం దాన్ని ఎంత ద్వేషిస్తారో మీరే ఆలోచించండి!

ఈ ఆట ఒకప్పుడు పెద్దింటి వాళ్లకు నామోషీ. 1904లో ఏర్పడిన పేరున్న డయాబ్లాడా బృందాన్ని నిలబెట్టింది మాంసం అమ్ముకునేవాళ్లు. 1940ల నుంచి ఉన్న కుటుంబాల పిల్లలూ చేరారు. 2001లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఇప్పుడు శనివారం ఊరేగింపులో 28,000 మందికి పైగా ఆడతారు, 10,000 మంది వాయిస్తారు. దారి నాలుగు కిలోమీటర్లే, ఊరేగింపు మాత్రం 20 గంటలు సాగుతుంది. సంతోషమే. కానీ ముఖాలు, దుస్తులు ఖరీదైపోయాయి. డబ్బున్నవాడికి చోటు సులువు, ఆటను కాపాడిన ఇంటివాడికి కష్టం. పండుగను డబ్బు కోసం అదుపు లేకుండా వాడుకోవడం దానికే ముప్పని యునెస్కో కూడా అంది. గుర్తింపు రావడం వేరు, ఆట మన చేతిలో ఉండడం వేరు అని మాకు అనిపిస్తుంది.

అయితే పల్లెల వాళ్లు ఊరుకోలేదు. ఆ శనివారానికి ముందు గురువారం తమ సొంత ఊరేగింపు పెట్టుకున్నారు. పేరు అనాత. మెరుపుల దుస్తులు కాదు, ఇంట్లో నేసిన బట్టలు. బ్యాండు బాజా కాదు, తార్కా అనే కర్ర పిల్లనగ్రోవులు. పంట ఇచ్చిన నేలతల్లి పచమామకు ఆ ఆట.

మీలో ఎవరైనా ఎప్పుడైనా ఒరూరో వెళ్తే శనివారానికి కాదు, గురువారానికే చేరుకోండి.